ఈ నెల ఏం కొన్నారు?

లోకో భిన్నరుచిః అన్నారు పెద్దలు. ఒకరికి తపాలా బిళ్ళల మీద మక్కువ, మరొకరికి పాత నాణేల మీద, ఇంకొకరికి గులాబీ మొక్కల మీద. మా నలుగురికీ జాజ్ సంగీతం మీద. చేతిలోని ఫోనులో ఏ పాట కావాలంటే ఆ పాట ఉచితంగా వినిపిస్తున్న ఈ రోజుల్లో కూడా డబ్బు పెట్టి రికార్డులూ, సీడీలూ కొని, మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, నలుగురూ ఒకచోట కూర్చుని వినే అలవాటు మాది. ఇరుగుపొరుగు వారు దీనిని పిచ్చి అంటారు. మా శ్రీమతి మాత్రం కాస్త దయతో “వ్యసనాలన్నింటిలోకీ ఇదే నయం” అంటుంది.

సంస్థ పనిమీద ఛత్తీస్‌గఢ్ వచ్చిన నేను బోద్రీలో ఇల్లు అద్దెకు తీసుకొని ఆరేళ్ళయింది. బిలాస్‌పూర్ నుండి రాయ్‌పూర్ వెళ్ళే దారిలో ఉన్న చిన్న పట్టణమిది. రాష్ట్ర హైకోర్టు ఇక్కడే ఉండడంచేత పగలంతా నల్లకోట్ల సందడి. సాయంత్రం దాటితే వరిచేల మీదుగా వచ్చే గాలి తప్ప మరే అలికిడీ ఉండదు. మా ఇల్లు వీధి చివర ఉన్నందున ఎంత గట్టిగా పాట పెట్టినా అభ్యంతరం చెప్పేవారు లేరు. ఆ కారణంగా ప్రతి నెలా రెండవ ఆదివారం సాయంత్రం మా సమావేశానికి మా ముందు గదే వేదిక అయింది.

మాలో పెద్దవారు గార్డు గారు. ఎనభయ్యో పడికి చేరువవుతున్న విశ్రాంత రైల్వే ఉద్యోగి. వారి తాతగారు విజయనగరం ప్రాంతం నుండి వచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వేలో కళాసీగా చేరారట. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ బిలాస్‌పూర్‌ను పెద్ద కూడలిగా మార్చింది. 1931లో విజయనగరం, రాయ్‌పూర్‌ల మధ్య రైలుమార్గం పూర్తయిన తరువాత ఉత్తరాంధ్ర నుండి ఇటు రావడం మరింత సులువైంది. ఆ రైల్వే తరువాతి కాలంలో ఆగ్నేయ రైల్వే అయింది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది. ఇన్ని పేర్లు మారినా గార్డు గారి నాలుక మీద విజయనగరం యాస మాత్రం మారలేదు. నేను వారిని బాబాయి గారని పిలుస్తాను.

రెండవవారు పదవీ విరమణ చేసిన బెంగాలీ ఉపాధ్యాయులు. మేమందరం మాస్టారు అంటాము. మూడవవాడు పాలకొల్లు వైపు నుండి వచ్చిన అసిస్టెంట్ లోకో పైలట్. ముప్పయ్యేళ్ళు నిండని కుర్రవాడు. నాలుగవవాడిని నేను. లెక్కల విభాగంలో ముప్పయి ఏళ్ళుగా ఇతరుల బిల్లులకు అభ్యంతరాలు రాస్తూ జీతం తీసుకుంటున్నవాడిని. ఈ విషయం ముందే చెప్పడానికి కారణం తరువాత తెలుస్తుంది.

రైల్వే కాలనీలో పెరిగిన తెలుగువారికి జాజ్ ఎలా అబ్బిందని పాఠకులకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. ఒకనాడు అడిగాను: “బాబాయి గారూ, ఈ సంగీతం మీకెలా పట్టుబడింది?”

గార్డు గారు నవ్వారు. “చిన్నప్పుడు శనివారం రాత్రి ఇన్‌స్టిట్యూట్‌లో దొరలూ దొరసానులూ డాన్సులాడీవోరు. మేం కిటికీ బయట చీకట్లో నిల్చొని వినీవోళ్ళం. పల్లవి ఒకటే బాబూ. అందరూ కలిసి వాయిస్తారు. తరవాత ఎవుడి మనసుకి తోచింది ఆడు వాయిస్తాడు. మళ్ళీ అందరూ పల్లవికొచ్చి కలుస్తారు. మన కచేరీలో జరిగీదేటి మరి?”

ఇంతకంటె చక్కని నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో, బానిసత్వం నుండి బయటపడిన నల్లజాతివారి సంతతి చేతుల్లో రూపుదిద్దుకున్న సంగీతమిది. 1917లో తొలి జాజ్ రికార్డు వెలువడింది. మన విద్వాంసులు మనోధర్మం అనేదే దీనికీ ప్రాణం. పాట తాలూకు స్వరసమూహాల ఆవృత్తం తాళంలా తిరుగుతూ ఉంటుంది. దాని మీద కళాకారుడు అప్పటికప్పుడు కల్పన చేస్తాడు. బ్లూస్ అనే రీతిలో ఆ ఆవృత్తం సాధారణంగా 12 మాత్రాఖండాలు. ఈ సంగతి గ్రహించిన తరువాత నాకు జాజ్ పరాయి సంగీతంగా తోచలేదు.

మా సమావేశానికి అధ్యక్షుడు లేడు, చందా లేదు. ఉన్నదల్లా ఒక చిట్టా పుస్తకం. గూడ్సు బండి గార్డుగా పనిచేసినన్నాళ్ళూ ఏ స్టేషనుకు ఎప్పుడు చేరిందీ, ఎప్పుడు కదిలిందీ తమ జర్నల్ పుస్తకంలో రాసుకున్న అలవాటుచొప్పున గార్డు గారు మా కొనుగోళ్ళను కూడా నమోదు చేస్తారు. తేదీ, కొన్నవారి పేరు, రికార్డు పేరు, ఎక్కడ కొన్నారు, ఎంతకు కొన్నారు, ఇవీ గడులు. అందరూ కూర్చోగానే కలం మూత తీసి, “మరి ఈ నెల ఏటి కొన్నారు?” అని ఆరంభిస్తారు. కొన్నదానిని పూర్తిగా వినిపించాలి. వినేటప్పుడు ఎవరూ మాట్లాడరాదు. ఆ తరువాత ఎందుకు కొన్నదీ కొన్నవారే చెప్పాలి. ఇవే మా నియమాలు.

నేను చెప్పబోయే సంఘటన మొన్నటి సంక్రాంతి దాటిన తరువాతి సమావేశంలో జరిగింది.

ఆనాడు మొదటి వంతు కుర్రవాడిది. అతడు తెచ్చినది రిమెంబర్ శక్తి బృందపు ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’ అనే సీడీ. జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఆంగ్లేయ జాజ్ గిటార్ విద్వాంసుడు జాకీర్ హుస్సేన్ మొదలైన వారితో కలిసి 1970లలో నడిపిన శక్తి బృందానికి ఇది పునర్జన్మ. ఇందులో మాండొలిన్ వాయించినవారు మన పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. పసితనంలోనే కచేరీలు చేసి, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వినిపించి, 2014లో నలభై అయిదేళ్ళకే కన్నుమూసిన మహనీయుడు. “మా ఊరి వారు సార్ ఆయన. ఫోనులో విన్నాను గానీ ఒక వస్తువుగా మా ఇంట్లో ఉండాలనిపించింది” అన్నాడు కుర్రవాడు. అంతకుమించి అతడు చెప్పలేదు, మేము అడగలేదు.

తరువాత మాస్టారు ఎల్‌పీ రికార్డు తీశారు. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం 1967లో వెలువరించిన ‘ఫార్ ఈస్ట్ సూట్’. ఎల్లింగ్టన్ 1963లో మన దేశంలో పర్యటించాడు. ఆయన సహచరుడు బిల్లీ స్ట్రేహార్న్ ఢిల్లీలో విన్న ఒక గోరువంక కూతను మనసులో పెట్టుకొని ఒక రచన చేశాడు. అందులో క్లారినెట్ ఆ పక్షిలాగానే పలుకుతుంది. ఆ భాగం వస్తున్నప్పుడు మా పెరటి చింతచెట్టు మీద నిజమైన గోరువంకలు కూడా గోల చేస్తూ ఉండడంతో నియమం తప్పి అందరమూ నవ్వాము.

గార్డు గారు తెచ్చినది 78 ప్లేటు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో రికార్డు చేసిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’. ఆరంభంలో మరే వాద్యమూ తోడు లేకుండా ట్రంపెట్ ఒక్కటే నిప్పుకణంలా లేచి, ఆకాశమంతా తిరిగి వచ్చినట్లుంటుంది. మూడు నిమిషాలకు కాస్త పైన, అంతే. ఎల్‌పీ 1948లోనూ, సీడీ 1982లోనూ రాకపూర్వం ఎంతటి విద్వాంసుడైనా తన మనోధర్మమంతా ఆ మూడు నాలుగు నిమిషాలలో ఇమడ్చవలసి వచ్చేది.

పాట అయ్యాక గార్డు గారు ఆ ప్లేటును వెలుగుకు పట్టి చూపించి, “ఇది ఎక్కడి సరుకనుకున్నారు? మన అడవుల్లో సరుకు” అన్నారు. ఆ మాట అక్షరసత్యం. 78 ప్లేట్లు లక్కతో తయారయ్యేవి. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల కొమ్మల రసం పీల్చే చిన్న పురుగులు తమ చుట్టూ కట్టుకునే గట్టి పొరే లక్క. ఆ కొమ్మలు నరికి, గీకి, కడిగి, కరిగించి రేకులుగా సాగదీస్తే శెల్లాక్ అవుతుంది. దానిలో రాతిపొడి, మసి కలిపి ప్లేట్లు అచ్చువేసేవారు. ప్రపంచానికి లక్క ప్రధానంగా మన దేశం నుండే వెళ్ళేది. ఛత్తీస్‌గఢ్, ఛోటానాగపూర్ అడవులు ఈనాటికీ దానికి పుట్టిళ్ళు. యుద్ధకాలంలో, 1942లో, లక్క దిగుమతికి ఇబ్బంది ఏర్పడి అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి దాని వాడకాన్ని బాగా తగ్గించవలసి వచ్చింది. ఏ గిరిజన స్త్రీ గీకిన లక్కో సముద్రం దాటి, ఒక ట్రంపెట్ నాదాన్ని మోసుకొని తిరిగి ఈ నేలకే వచ్చిందని తలచుకుంటే చిత్రంగా ఉంటుంది. ఆమెకు ఆనాడు ఎంత ముట్టిందో అని కూడా ఆ రోజు నాకు తోచి ఉండవలసింది. తోచలేదు.

ఎందుకంటే నా మనసంతా గది మూలనున్న కొయ్యపెట్టె మీద ఉన్నది.

నా వంతు రాగానే పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. “నలభై రెండు ప్లేట్లు. మొత్తం పదిహేను వందలు!” అన్నాను. కుర్రవాడు నోరు తెరిచాడు. రైల్వే కాలనీ దాపున ఒక పాత ఇంటిని ఖాళీ చేస్తున్నారని తెలిసి వెళ్ళాననీ, పెట్టె తెరవగానే పైనే టెడ్డీ వెదర్‌ఫర్డ్ పేరున్న కొలంబియా ప్లేటు కనిపించిందనీ, గుండె ఝల్లుమన్నా ముఖంలో తెలియనీయకుండా దానిని నెమ్మదిగా అడుగుకు నెట్టాననీ, ఇంటావిడ రెండు వేలంటే పదిహేను వందలకు బేరం తెగిందనీ వర్ణించి వర్ణించి చెప్పాను. అటువంటివే మరి రెండు ఉన్నాయనీ, ముంబయి వ్యాపారి ఒకాయనకు ఫోనులో బొమ్మలు పంపితే ఆ మూడింటికే పదహారు వేలు ఇస్తానన్నాడనీ కూడా చెప్పాను.

మాస్టారు ఆ ప్లేటును రెండు చేతులతో అందుకున్నారు. వెదర్‌ఫర్డ్ పేరు ఆయనకు కొత్త కాదు. 1926లో షికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో పాటు వాయించిన పియానో విద్వాంసుడు. షాంఘై మీదుగా మన దేశం వచ్చి, బొంబాయి తాజ్ మహల్ హోటల్‌లోనూ, యుద్ధకాలంలో కలకత్తా గ్రాండ్ హోటల్‌లోనూ బృందం నడిపాడు. కలకత్తాలోనే రికార్డులు ఇచ్చాడు. 1945 ఏప్రిల్‌లో కలరా సోకి ఆ నగరంలోనే మరణించాడు.

గార్డు గారు మాత్రం ప్లేటు వైపు చూడలేదు. ఆయన కలం ధర రాయవలసిన గడి దగ్గర ఆగిపోయింది.

“ఏ ఇల్లు బాబూ?”

చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. “ఆ డ్రైవరు దొర బళ్ళకి నేను గార్డుగా వెళ్ళీవోణ్ణి. ఆవిరింజన్ల రోజులు. ఇన్‌స్టిట్యూట్‌లో ట్రంపెట్టు ఊదీవోడు” అన్నారు. తరువాత నా ముఖంలోకి చూసి, “మరి ఆవిడికి తెలుసునా, అందులో ఏటున్నాదో?” అని అడిగారు.

నా దగ్గర సమాధానం లేదు. గార్డు గారు ధర గడిని ఖాళీగా వదిలి పుస్తకం మూశారు. ఆ సాయంత్రం నా ప్లేట్లు ఎవరూ వినిపించమనలేదు.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర మాస్టారు, నన్ను నొప్పించకుండా, ఒక సంగతి జ్ఞాపకం చేశారు. రవీంద్రనాథ్ టాగూర్ 1918లో ప్రచురించిన ‘పలాతకా’ సంపుటిలో ‘ఫాంకి’ అనే కథాకావ్యం బిలాస్‌పూర్ స్టేషనులోనే జరుగుతుంది. జబ్బుపడిన భార్యను గాలి మార్పుకు తీసుకొనిపోతూ ఒకాయన ఇక్కడ బండి మారవలసి, గంటల తరబడి నిరీక్షిస్తాడు. రైల్వే కూలీ భార్య ఒకతె తన బిడ్డ పెళ్ళికి ఇరవై అయిదు రూపాయలు కావాలని అతని భార్యతో మొరపెట్టుకుంటుంది. ఇచ్చి రమ్మని భార్య కోరుతుంది. ఆయన చాటుకు వెళ్ళి, ఆ కూలీ స్త్రీని గద్దించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపి, పూర్తిగా ఇచ్చానని భార్యను నమ్మిస్తాడు. రెండు నెలలకు భార్య మరణిస్తుంది. ఆ బాకీ తీర్చడానికి ఆయన మళ్ళీ బిలాస్‌పూర్ వస్తాడు. ఆ కుటుంబం ఎక్కడికి పోయిందో చెప్పగలవారే ఉండరు.

“ఈ ఊళ్ళో అలాంటి బాకీ ఒకటి చాలదా?” అన్నారు మాస్టారు.

ఆ వారమంతా నాలో నేనే వాదించుకున్నాను. ధర చెప్పినది ఆమె, నేను బలవంతపెట్టలేదు. నేను వెళ్ళకపోతే పాతసామాను వాడు రెండు వందలకు తీసుకుపోయేవాడు. ఎన్ని విధాల సమర్థించుకున్నా, ప్లేటును అడుగుకు నెట్టిన నా చేయి నాకు కనిపిస్తూనే ఉన్నది. కార్యాలయంలో ఇటువంటి కొనుగోలు కాగితం నా బల్ల మీదకు వస్తే ఎర్ర సిరాతో ఏమి రాసేవాడినో నాకు బాగా తెలుసు. చివరకు శ్రీమతికి చెప్పాను. కొత్త ఆంప్లిఫయరు కోసం దాచిన డబ్బు ఎంత ఉన్నదని మాత్రం అడిగింది.

శనివారం వెళ్ళేసరికి ఇంటికి తాళం. ఆమె రెండు రోజుల క్రితమే ఊరు విడిచి వెళ్ళారని తెలిసి, టాగూర్ కథ తలపుకు వచ్చి నా కాళ్ళలో సత్తువ పోయింది. అదృష్టవశాత్తు పక్కింటివారి వద్ద రాయ్‌పూర్‌లోని కుమార్తె ఇంటి చిరునామా ఉన్నది. మరునాటి ఉదయం బండెక్కి, ఆ మూడు ప్లేట్లూ పాత దుప్పటిలో చుట్టుకొని, ఒడిలో పెట్టుకొని వెళ్ళాను.

చిన్న ఇల్లు. కిటికీ పక్కన మంచం మీద ఆమె కూర్చుని ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. నేను ఉన్నదున్నట్లు చెప్పాను. ప్లేట్లు తిరిగి తీసుకున్నా సరే, లేదా మిగిలిన పద్నాలుగు వేల అయిదు వందలు తీసుకున్నా సరే అన్నాను. ఆమె వద్దంటారనీ, నా నిజాయితీని మెచ్చుకుంటారనీ మనసులో ఎక్కడో ఒక ఆశ ఉన్నమాట దాచను. అటువంటిదేమీ జరగలేదు. ఆమె డబ్బు తీసుకొని, కళ్ళజోడు పెట్టుకొని, రెండుసార్లు లెక్కపెట్టి, మందుల డబ్బా కింద పెట్టారు. ఆ డబ్బా ఎంత నిండుగా ఉన్నదో చూసిన తరువాత, బేరంలో నేను తగ్గించిన అయిదు వందల విలువ నాకు అర్థమైంది.

తరువాత ఆమె హిందీలో ఒకే ప్రశ్న అడిగారు. “ఎలా ఉన్నాయి? గీతలు పడకుండా పలుకుతున్నాయా?”

నేను తల దించుకున్నాను. పెట్టె ఇంటికి చేరి పక్షం దాటింది. లేబుళ్ళు చూశాను, అంకెలు చూశాను, బొమ్మలు తీశాను, ధరలు అడిగాను. ఒక్క ప్లేటు కూడా వినలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె ఆశ్చర్యపోయారు. “మా ఆయన కొత్త ప్లేటు తెస్తే బూట్లు విప్పకముందే పెట్టేవాడు” అన్నారు.

తరువాతి సమావేశంలో “ఈ నెల ఏటి కొన్నారు?” అని గార్డు గారు అడిగినప్పుడు, ఏమీ కొనలేదని చెప్పి, జరిగినదంతా వివరించాను. ఆయన వెనుకటి పుట తిప్పి, ఖాళీగా ఉన్న గడిలో పదహారు వేలు అని వేసి, నా చేత పక్కన సంతకం పెట్టించారు. తరువాత, “అయితే పెట్టు బాబూ” అన్నారు.

ముల్లు ఆనించాను. చిరుచిరు చిటపటల వెనుక నుండి ఎనభై ఏళ్ళ క్రిందటి కలకత్తా రాత్రి మా బోద్రీ గదిలోకి వచ్చింది. పియానో ఉల్లాసంగా నడుస్తూ ఉంటే గార్డు గారు కళ్ళు మూసుకొని చేతికర్ర మీద తాళం వేస్తున్నారు. బహుశా ఇన్‌స్టిట్యూట్ కిటికీ బయట నిలబడి ఉంటారు. నేను టేప్ రికార్డరు లేని ఆ ఇంటావిడను తలచుకొని, నా ఫోనును ముల్లుకు దగ్గరగా పట్టుకొని ఆ పాటను నమోదు చేసి, ఆ రాత్రే రాయ్‌పూర్‌లోని ఆమె కుమార్తెకు పంపాను.

వస్తువుకు వెల కట్టడం మనందరికీ వృత్తిరీత్యా తెలిసిన పనే. ఏది కొన్నా ఎంతకు, ఎలా కొన్నామో నలుగురి ముందూ తడబడకుండా చెప్పగలగాలి. మా చిట్టా పుస్తకంలో ఆ గడి ఎందుకున్నదో ఆరేళ్ళ తరువాత నాకు తెలిసింది. ఆంప్లిఫయరు సంగతి వచ్చే ఏడాది చూడవచ్చు.